తీగె నెఱిగి బోర్డు కొనుట

ధాన్యము నిలువచేయు మా గోదాములో జరిగిన యొక సంగతితో నీ వ్యాసమును ప్రారంభింతుము. బస్తాల వరుసలలో వేడి పుట్టుచున్నదో లేదో తెలిసికొనుటకై సంఘము కొంతకాలము క్రిందట నొక యంత్రమును కొనెను. అది రెండు పంటలకాలము చక్కగా పనిచేసి మూడవ పంటకు మూగవోయినది. అమ్మినవారికి రెండు మాఱులు వ్రాసితిమి, ప్రత్యుత్తరము రాలేదు. తుదకు పెట్టె విప్పి చూడగా లోపల నున్నవి ముఖ్యముగా రెండే: బస్తాల నడుమకు పోవు వేడిమి సెన్సారులు, వానిని చదువు నొక చిన్న బోర్డు. సెన్సారులు చెడలేదు. బోర్డు మాత్రము కాలిపోయినది. కొన్ని వందల రూపాయల వెలగల వేఱొక బోర్డునకు తగిలింపగా నా సెన్సారులే మఱల పలికినవి. కాని యీ సంగతి తెలియుటకు మాకు నాలుగు నెలలు పట్టినది. ఈలోపల నొక వరుస బస్తాలు లోలోపల వేడెక్కి గింజ రంగు మాఱినది. ఆ నష్టము యంత్రము చెడుటవలన గాక, యంత్రము మాటలాడు భాష మాకు తెలియకపోవుటవలన కలిగినది.

అట్టి నష్టము మఱియొక సంఘమునకు కలుగకుండుటకై, చిప్పులు సెన్సారులు ఒకదానితో నొకటి మాటలాడు తీగెల పద్ధతులను, వానిని స్వల్పవ్యయముతో ప్రయోగించి నేర్చుకొనుటకు తగిన బోర్డులను గుఱించి సభ్యులకు తెలియజేయుచున్నాము. ఇంజనీరింగు చదివినవారికే యిది సాధ్యమని తలపవలదు. ఇంటరు చదువుచున్న పిల్లవా డొకడు ఇంటనున్నచో, ఆతనితో కూర్చుండి నెల దినములలో నేర్చుకొనదగిన విద్య యిది.

బస్సు అనగా నేమి?

ఇచ్చట బస్సనగా నూరికి పోవు బండి కాదు. చిప్పులు తమలో తాము సమాచారము నిచ్చిపుచ్చుకొను తీగెల దారికిని, ఆ దారిపై నడచుకొనవలసిన కట్టుబాటులకును కలిపి బస్సని పేరు. పంటకాలువ దీనికి మంచి పోలిక. ఒకే కాలువనుండి పెక్కు పొలములకు నీరు పాఱవలెనన్న వంతు లుండవలెను. ఎవరి తూము ఎప్పుడు తెఱువవలెనో లస్కరు నిర్ణయించును. వంతు తప్పిననాడు నీరందదు. తగవులు మాత్రము మిగులును. బోర్డుపైనుండు మైక్రోకంట్రోలరు లస్కరు వంటిది. సెన్సారులు పొలముల వంటివి. వంతును పిలుచు విధమును, ఎంత దూరము చెడకుండ పోగలదను సంగతియు ఒక్కొక బస్సునకు ఒక్కొక తీరుగా నుండును. ఈ రెండు సంగతు లెఱిగినవానికి బోర్డు నెన్నుకొనుట కష్టము కాదు.

1. యు.ఎ.ఆర్.టి. — ఇది యిద్దఱి నడుమ సంభాషణ. ఒకరు పంపు తీగెను రెండవవారు వినుచోట తగిలింపవలెను. పంపుదానికి పంపుదానినే తగిలించుట క్రొత్తవారు చేయు మొదటి పొరపాటు. వేగమును ముందే యొప్పందము చేసికొనవలెను. సెకనుకు 9600 బిట్లనునది వాడుకలో నున్న వేగము. ఇరువుర వేగములు కలియనిచో అర్థములేని యక్షరములు వచ్చును.

2. ఐ-టూ-సి. — ఫిలిప్సు కంపెనీవారు 1982 లో దీనిని కల్పించిరి. రెండే తీగెలు: ఒకటి సమాచారమునకు, ఒకటి తాళము వేయుటకు. ఇంటి నంబరువలె ప్రతి చిప్పునకు నొక సంఖ్య యుండును. ఆ సంఖ్యను పిలిచినప్పుడు ఆ చిప్పు మాత్రమే పలుకవలెను. మొత్తము 128 సంఖ్యలలో 16 వేఱు పనులకు కేటాయింపబడినవి గాన 112 మిగులును. కాని ప్రతి చిప్పునకు మన యిష్టము వచ్చిన సంఖ్య నీయలేము. గాలిలోని తేమను వేడిమిని చూపు బి.ఎం.ఇ. 280 అను సెన్సారునకు రెండు సంఖ్యలే కలవు. కావున నట్టివి మూడు కొని యొకే జత తీగెలకు నేరుగా తగిలించినచో రెండు ఒకేసారి పలికి మాట చెడును. కొనుటకు ముందే యీ లెక్క చూచుకొనవలెను. ఈ బస్సు ఒకే పెట్టెలోని చిప్పుల కొఱకు పుట్టినది. తీగె పొడవు మీటరు దాటినకొలది నమ్మకము తగ్గును. పొలములోనికి దీనిని లాగరాదు.

3. ఎస్.పి.ఐ. — ఇది మోటరోలా కంపెనీవారి పద్ధతి. మూడు తీగె లందఱికి ఉమ్మడి. వానికి తోడు ఒక్కొక చిప్పునకు పిలుపు తీగె యొకటి ప్రత్యేకముగా నుండును. మిక్కిలి వేగవంతమైనది. జ్ఞాపకపు కార్డులకు, చిన్న తెరలకు దీనిని వాడుదురు. చిప్పులు హెచ్చినకొలది బోర్డు కాళ్లు ఖర్చగుట దీని లోపము. ఇదియు దగ్గఱి పనికే తగును.

4. వన్ వైర్ — ఇది డల్లాసు సెమికండక్టరు కంపెనీవారిది. సమాచారమునకు ఒకే తీగె. మా గోదాములోని డి.ఎస్. 18 బి 20 అను వేడిమి సెన్సారు ఈ జాతిది. ప్రతి సెన్సారునకు 64 బిట్ల సంఖ్య పుట్టుకతోనే చెక్కబడి యుండుటవలన పెక్కింటిని ఒకే తీగెకు వ్రేలాడదీయవచ్చును. 10 డిగ్రీల శీతము మొదలు 85 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు అరడిగ్రీ భేదములోపల నిది సరిగా చెప్పును. తీగె నొకే తాడువలె సాగదీసి సెన్సారులను వరుసగా తగిలింపవలెను. చెట్టుకొమ్మలవలె నలువైపులకు చీల్చినచో మాట తడబడును.

5. ఆర్.ఎస్. 485 — పొలమునకు తగినది యిదియే. 1983 లో ప్రమాణముగా నేర్పడినది. మెలివేసిన రెండు తీగెలలోని విద్యుత్తు భేదమునే యిది చదువును గాని ఒక్కొక్క తీగె మట్టమును చదువదు. మోటారు దగ్గఱి విద్యుదలజడి రెండు తీగెలపైనను ఇంచుమించు సమానముగా పడును గాన భేదము మాఱదు, మాట చెడదు. తక్కువ వేగమున 1200 మీటర్ల వఱకు పోగలదు. మొదటి ప్రమాణమును బట్టి 32 పరికరములను తగిలింపవచ్చును. తీగె రెండు కొనలందును 120 ఓముల రెసిస్టరు నొక్కొకటి ఉంచవలెను. మూసిన తూమును తాకిన యల వెనుకకు మఱలునట్లు, ఆ రెసిస్టరు లేనిచో మాట కొనను తాకి ప్రతిధ్వనించి క్రొత్త మాటతో కలిసిపోవును. ఈ తీగెపై సాధారణముగా మాడ్‌బస్ అను భాష నడచును. అది మోడికాన్ కంపెనీవారు 1979 లో నేర్పఱచినది. నేల తేమను చూపు గట్టి సెన్సారులు, కరెంటు మీటరులు, మోటారు వేగమును మార్చు డ్రైవులు పెక్కు ఈ భాషనే మాటలాడును.

6. క్యాన్ — బాష్ కంపెనీవారు 1986 లో దీనిని మోటారు బండ్లకై లోకమునకు తెలిపిరి. క్రొత్త ట్రాక్టరులలోను దానికి తగిలించు పనిముట్లలోను ఐసోబస్ అను పేరుతో సెకనుకు 2,50,000 బిట్ల వేగమున నడచునది యిదియే.

బోర్డులు

పైవానిని ప్రయోగించి చూచుటకు డెవలప్‌మెంటు బోర్డు కావలెను. అనగా మైక్రోకంట్రోలరు చిప్పునకు కరెంటు నిచ్చు భాగమును, కంప్యూటరునకు కలుపు సాకెట్టును, తీగెలు తగిలించుటకు కాళ్లను ముందే యమర్చిన చిన్న పలక. వీనిలో చౌకయైనవి కొన్ని కలవు.

ఆర్డ్యునో యూనో. ఇటలీ దేశపు ఇవ్రెయా పట్టణమున 2005 లో ఆర్డ్యునో ప్రయత్నము మొదలైనది. యూనో 2010 లో వచ్చినది. దీని పటములు బహిరంగముగా నుండుటవలన ఇతరులు చేసిన నకళ్లు చౌకగా దొరకును. 5 వోల్టులపై నడచును. పొరపాటులను కొంత సహించును. నేర్పు పుస్తకములు లెక్కకు మిక్కిలి. కాని జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లే. అంతకంటె ముఖ్యమైన లోపము: యు.ఎ.ఆర్.టి. ఒకటే యున్నది, దానిని కంప్యూటరు తీగెయే వాడుకొనును. కావున ఆర్.ఎస్. 485 ప్రయోగమునకు కూర్చుండినవాడు మొదటి దినముననే చిక్కుపడును.

రాస్ప్‌బెర్రీ పై పికో. ఇంగ్లండువారు 2021 జనవరిలో 4 డాలరుల వెలకు వెలువరించిరి. 264 కిలోబైట్ల జ్ఞాపకము, యు.ఎ.ఆర్.టి. రెండు, ఐ-టూ-సి. రెండు, ఎస్.పి.ఐ. రెండు. వీనికి తోడు మనము కోరిన కట్టుబాటును కాళ్లకు నేర్పదగిన ఎనిమిది చిన్న యంత్రములు చిప్పులో నున్నవి. బస్సులను నేర్చుకొనువానికి యింతకంటె వలసినది లేదు. మైక్రోపైథాన్ అను సులభ భాషలో నడపవచ్చును. మామూలు రకమునకు పిన్నులు అతికించి యుండవు; సోల్డరింగు చేతకానివారు పిన్నులు గల రకమునే యడుగవలెను. వైఫై కావలసినచో 2022 లో వచ్చిన పికో డబ్ల్యు కొనవలెను.

ఇ.ఎస్.పి. 32. షాంఘై నగరమందలి ఎస్ప్రెసిఫ్ కంపెనీవారిది. 2016 లో వచ్చినది. వైఫై, బ్లూటూత్ రెండును లోపలనే కలవు. యు.ఎ.ఆర్.టి. మూడు, క్యాన్ నడపు భాగమును లోపలనే యున్నది, బయట నొక ట్రాన్సీవరు మాత్రము చేర్చవలెను. ఇంటినుండి గోదామును చూడవలెనన్నవారికి మంచిది. కాని వైఫై మాటలాడునప్పుడు కరెంటును హెచ్చుగా త్రాగును. బ్యాటరీపై నుంచువారు నడుమ నిద్రపుచ్చుట నేర్పవలెను.

బ్లూపిల్ అను నీలపు బోర్డు. ఎస్.టి.ఎం. 32 జాతి చిప్పు గలది. క్యాన్ కూడ నున్నది గాని, క్యాన్‌ను యు.ఎస్.బి.ని ఒకేసారి వాడుటకు వీలులేదు. నకిలీ చిప్పులు అతికించినవి అంగళ్లలో మెండు. ప్రోగ్రాము నెక్కించుటకు వేఱొక పరికరము కొనుట మేలగును. మొదటి బోర్డుగా దీనిని మేము సలహా యీయము.

మా నిర్ణయము

బస్సును నేర్చుకొనువాడు ఒక ఖరీదుగల బోర్డును గాక రెండు చౌక బోర్డులను కొనవలెను. సంభాషణకు ఇరువురుండవలెను గదా. ఒక బోర్డే యున్నవాడు, సెన్సారు పలుకనప్పుడు తప్పు తనదో సెన్సారుదో తెలియక కూర్చుండును. రెండు పికోలున్నచో నొకటి అడుగును, ఒకటి జవాబు చెప్పును. ఇరువైపుల మాటయు మన చేతిలోనిదే. ఒకటి కాలిపోయినను చింతలేదు. ఖరీదుగల బోర్డు నున్నవాడు దానిని కాపాడుకొనుటయే పనిగా పెట్టుకొని ప్రయోగము మానుకొనును. కావున బల్లపై నేర్చుటకు రెండు పికోలు, వైఫైతో గోదాములో నిలుపుటకు గాని క్యాన్ చూచుటకు గాని ఒక ఇ.ఎస్.పి. 32. ఇంతకు మించి తొలుత కొనవలదు. వెలలు మాఱుచుండును గాన మూడు నాలుగు చోట్ల విచారించి కొనవలెను.

వీనికి తోడు లాజిక్ ఎనలైజరు అను చిన్న పెట్టె యొకటి కొనుట మేలు. ఎనిమిది తీగెలను ఒకేసారి చూచు చౌకరకము చాలును. సిగ్‌రాక్ వారి పల్సువ్యూ అను ఉచిత ప్రోగ్రాముతో, తీగెపై నడచు ప్రతి మాటయు కంప్యూటరు తెరపై కనబడును. బావిలో నీరెంత యున్నదో రాయివేసి యూహించుటకును, దీపము దింపి చూచుటకును గల భేదము దీనివలన తెలియును.

వోల్టుల విషయమున హెచ్చరిక

పికో, ఇ.ఎస్.పి. 32 రెండును 3.3 వోల్టుల బోర్డులు. వాని కాళ్లకు 5 వోల్టులు తగులరాదు. అంగడిలో మిక్కిలి చౌకగా దొరకు ఆర్.ఎస్. 485 మాడ్యూలులో మాక్సు 485 అను 5 వోల్టుల చిప్పుండును. దాని వినికిడి కాలు 5 వోల్టులను నేరుగా బోర్డులోనికి త్రోయును. 3.3 వోల్టులపై నడచు మాక్సు 3485 చిప్పుగల మాడ్యూలు నడిగి తీసికొనవలెను. అట్లే ఐ-టూ-సి. తీగెలకును వన్ వైర్ తీగెకును పుల్-అప్ రెసిస్టరులు కావలెను, 4.7 కిలోఓములది సామాన్యముగా సరిపోవును. దానిని 3.3 వోల్టులకే కట్టవలెను. బల్లపై కలుపు బోర్డులన్నిటి గ్రౌండు తీగెలను ఒకటిగా కలుపుట మఱువరాదు.

ప్రయోగముల క్రమము

మొదటి వారము రెండు పికోలను యు.ఎ.ఆర్.టి.తో కలిపి యొకదానినుండి మఱియొకదానికి ఊరి పేరు పంపుడు. పిదప బుద్ధిపూర్వకముగా చెడగొట్టుడు: ఒకవైపు వేగము మార్చుడు, గ్రౌండు తీగె నూడదీయుడు, పంపు వినికిడి తీగెలను తాఱుమాఱు చేయుడు. ప్రతి తప్పునకు తెరపై నేమి కనబడునో పుస్తకమున వ్రాసికొనుడు. రెండవ వారము ఐ-టూ-సి. సెన్సారు నొకటి తగిలించి, ఏయే సంఖ్యలవారు పలుకుచున్నారో వెదకు ప్రోగ్రాము నడపుడు. తీగెను అర మీటరు, రెండు మీటరులు చేసి మాట యెచ్చట చెడునో చూడుడు. మూడవ వారము వన్ వైర్ సెన్సారులు మూడింటిని ఒకే తీగెకు కట్టి, ఒక్కొకదానిని వ్రేళ్లతో పట్టుకొని యేది వేడెక్కునో గుర్తించి చీటి కట్టుడు. నాలుగవ వారము ఆర్.ఎస్. 485. మొదట బల్లపై, తరువాత ఇరువది మీటర్లు, ఆపైన పెరటి చివఱ వఱకు.

చెడగొట్టి నేర్చినవాడే చెడినప్పుడు బాగుచేయగలడు. మా గోదాములో నాలుగు నెలలు పట్టిన పని, యిట్లు నేర్చిన యువకునికి అరపూట పని.

మఱికొన్ని జాగ్రత్తలు

కంప్యూటరు బోర్డును గుర్తింపనిచో ముందుగా తీగెను మార్చి చూడుడు, కొన్ని యు.ఎస్.బి. తీగెలు ఛార్జింగునకే గాని సమాచారమునకు పనికిరావు. ఆర్.ఎస్. 485 సెన్సారు పలుకనిచో ఎ, బి తీగెలను తాఱుమాఱు చేసి చూడుడు. ఆ పేర్లు పెట్టుటలో తయారుచేయువా రందఱు ఒకే తీరు ననుసరింపలేదు. డి.ఎస్. 18 బి 20 లలో నకిలీలు పెక్కు గలవు. కొన్నవన్నిటిని మంచుముక్కలు గల నీటిలో నొకేసారి ముంచి, సున్నకు దగ్గఱగా చూపనిదానిని వేఱుచేయుడు.

మూడు ఫేజుల మోటారు స్టార్టరు లోపలికి ఈ బోర్డుల తీగెలను ఎన్నడును తీసికొనిపోరాదు. అచ్చట 415 వోల్టులుండును. అది లైసెన్సు గల ఎలక్ట్రీషియను పని. పొలమున సాగదీసిన తీగెలను ఉఱుములు మెఱుపులు కలిగినప్పుడు ముట్టరాదు. మబ్బు పట్టకముందే బోర్డునుండి విడదీయుట మంచిది. నడచుచున్న ట్రాక్టరు క్యాన్ తీగెపై మాటలు పంపి పరీక్షింపరాదు. బల్లపై రెండు బోర్డుల నడుమనే క్యాన్ నేర్వవలెను.

సంఘములు చేయదగినది

ఒక్కొక్కరు వేఱువేఱుగా కొనుటకంటె సంఘమే యొక పెట్టె నేర్పఱచి, బోర్డులు, మాడ్యూలులు, రెసిస్టరులు, జంపరు తీగెలు, లాజిక్ ఎనలైజరు అందుంచి, గ్రంథాలయ పుస్తకములవలె వంతుచొప్పున సభ్యుల యిండ్లకు పంపవచ్చును. పెట్టెతోకూడ నొక పుస్తకముండవలెను; ఎవరేది చెడగొట్టిరో, ఎట్లు బాగుచేసిరో అందు వ్రాయవలెను. కాలిన బోర్డునకు దండుగ విధింపరాదు. దండుగకు భయపడినవాడు నేర్వడు.

మఱియు ఇకమీదట సంఘధనముతో తేమ యంత్రము గాని, వేడిమి యంత్రము గాని, నీటిమట్టపు యంత్రము గాని కొనుటకు ముందు అమ్మువారిని మూడు ప్రశ్నలు వ్రాతమూలకముగా నడుగవలెను. సెన్సారు ఏ బస్సుపై మాటలాడును? దాని సంఖ్య, వేగము ఎంత? ఏ సమాచార మెచ్చట నున్నదో తెలుపు పట్టిక నిత్తురా? ఈ మూడింటికి జవాబు వచ్చిన యంత్రము, అమ్మినవా రుండినను లేకున్నను మన చేతిలోనే యుండును. జవాబు రానిది ఎంత చౌకయైనను కొనదగదు. మా గోదాములో నా వరుస బస్తాలు చెడిన తరువాత మేము నేర్చిన పాఠమిది. సభ్యులు ఖర్చులేకయే దీనిని నేర్తురుగాక.